"ఇక్కడ గేమ్స్ ఆడరాదు" అని బోర్డు పెట్టిన మన కమ్యూనిటీ హాల్ పెద్దలకి బహిరంగ లేఖ

మన తెలుగు వీధుల కమ్యూనిటీ హాల్ కమిటీ పెద్దలకి, మాస్టార్లకి, ఇది చదివే అమ్మానాన్నలందరికీ నమస్కారం.

నేనెవరో మీకు తెలుసు. సాయంత్రంపూట పిల్లలకి లెక్కలు ట్యూషన్ చెప్పే అమ్మాయిని, మీలో సగం మందిని చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనో మావయ్యా అనో పిలిచినదాన్ని. హాల్ కట్టేటప్పుడు మీరు ఎండలో నిలబడి పని చేయించడం నేను చూశాను, ఆ గౌరవం నాకుంది. కానీ ఒకే విషయం మీద, పిల్లల కంప్యూటర్ గదికి పడ్డ తాళం మీద, 2 సార్లు కాగితం రాసిచ్చాను, ఒకటి రథయాత్రకి ముందు, ఇంకోటి దసరా వెళ్లాక, రెండింటికీ "చూద్దాంలేమ్మా" అన్న మాట తప్ప ఏదీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి బస్సులో ముప్పావుగంట దూరం మా ఊరు, పొలాలు దాటితే ఆంధ్రా. హాల్ వెనక గదిలో 6 కంప్యూటర్లున్నాయి, విశాఖలో జాబులు చేస్తున్న మన ఊరి కుర్రాళ్లు చందాలేసుకుని సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చారు. సాయంత్రం 5 నుంచి 7 దాకా పిల్లలొచ్చేవాళ్లు, నేను కూర్చునేదాన్ని. మొదటి గంట టైపింగ్, స్కూల్ ప్రాజెక్టులు, రెండో గంట గేమ్స్. అలా ఏడాదిన్నర నడిచింది. ఈలోగా మన వీధిలో ఒక డిగ్రీ కుర్రాడు ఫోన్లో రమ్మీ ఆడి డబ్బులు పోగొట్టుకున్నాడు, వాళ్లమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టాల్సొచ్చింది, ఊరంతా బాధపడింది, నేనూ ఏడ్చాను. ఆ వారమే గది తలుపు మీద "ఇక్కడ గేమ్స్ ఆడరాదు" అని కాగితం అంటించారు, నెల తిరక్కుండా సాయంత్రాలు గదికి తాళం పడింది. ఇప్పుడు ఉదయం 11 నుంచి 1 దాకా తెరుస్తున్నారు, ఆ టైముకి పిల్లలు స్కూల్లో ఉంటారు కదండీ.

ఆ అబ్బాయి గదిలో ఒక్కరోజు కూడా ఆడలేదు, ఆడింది సొంత ఫోన్లో. అయినా తాళం పడింది చిన్నపిల్లల గదికి. దీని గురించి నేను చెప్పాల్సినవి వరసగా రాస్తున్నాను.

1. రమ్మీ యాప్ వేరు, వీడియో గేమ్ వేరు, ఈ తేడా చట్టమే చెప్పింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ అందులో నిషేధం, అలాంటివి నడిపేవాళ్లకి 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని, అంటే పోటీలు పెట్టి ఆడే వీడియో గేమ్స్‌ని, డబ్బు పందెం లేకుండా సరదాకి, నేర్చుకోవడానికి ఆడే గేమ్స్‌ని ప్రోత్సహించాలని కూడా చెప్తోంది, చట్టం పేరులోనే ప్రోత్సాహం అన్న మాట ఉంది. ఢిల్లీలో అంత పెద్ద సభ రెండింటినీ విడదీసి చూస్తే మన కమిటీ మాత్రం ఒక్క కాగితంతో రెండూ కలిపేసింది. మన తాతలు పేకాట ఆడొద్దన్నారు గానీ అష్టాచెమ్మా, పులిమేక, వామనగుంటలు ఆడొద్దని ఎప్పుడైనా అన్నారా?

2. లెక్కలు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది నా పని, కళ్లారా చూసింది కూడా. టక్స్ మ్యాథ్ అని ఒక ఫ్రీ గేమ్ ఉంది, పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. పైనుంచి తోకచుక్కలు పడుతుంటాయి, ఒక్కోదాని మీద ఒక లెక్క ఉంటుంది, 7 ఇంటూ 8 అనో 15 మైనస్ 9 అనో, అది కింద పడేలోపు జవాబు టైప్ చేస్తే పేలిపోతుంది, లేకపోతే కింద పెంగ్విన్లుండే మంచు ఇళ్లకి తగులుతుంది. నా దగ్గర ఐదో క్లాసు పాప ఒకర్తి ఉంది, ఏడో ఎక్కం అడిగితే చాలు తల దించేసుకునేది, కళ్లలో నీళ్లు తిరిగేవి, నేను గట్టిగా అడిగితే ఇంకా బిగుసుకుపోయేది. మొదటిరోజు గేమ్‌లో ఇళ్లన్నీ పోయాయి. "అక్కా ఇంకోసారి" అంది. మళ్లీ పోయాయి, మళ్లీ ఇంకోసారి అంది. ఆ రోజు 11 సార్లు ఓడిపోయింది, నేను లెక్కపెట్టాను, ఒక్కసారి కూడా ఏడవలేదు. అదే పాప నా ఎదురుగా ఒక్క తప్పు చెప్తే ఏడ్చేది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ, ఇన్నాళ్లూ ఆ పిల్లకి ఎక్కం రాక కాదు, నా మొహం చూస్తే భయమని అప్పుడర్థమైంది. గేమ్‌లో తప్పు చేస్తే ఎవరూ అరవరు, పక్కవాళ్లు నవ్వరు, వెంటనే ఇంకో ఛాన్సు వస్తుంది. మూడు వారాల తర్వాత పన్నెండో ఎక్కం దాకా ఆ పాప వేళ్ల మీదకి వచ్చేసింది, ఆ తర్వాత నోట్లోకి కూడా వచ్చింది. నేను ట్యూషన్ చెప్పే పద్ధతి కూడా అక్కడ్నుంచే మారింది.

3. భాష. మన పిల్లల కష్టం బోర్డర్ అవతల వాళ్లకి తెలీదు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, పుస్తకంలో సగం ఇంగ్లీషు, టీవీలో హిందీ. క్లాసులో మాట తడబడుతుందేమో అని నోరే తెరవని గుంటలు ఎంతమందో మాస్టార్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ గదిలో మన పిల్లలతోపాటు ఒడియా ఇళ్ల పిల్లలు, కొండ మీంచి దిగి హాస్టల్లో చదువుకునే సవర పిల్లలు కూడా కూర్చునేవాళ్లు, ఒకే కీబోర్డు దగ్గర ముగ్గురు చేరి, ఒకడు బాణం బటన్లు, ఒకడు స్పేస్ బార్, ఇంకోడు వెనక నిలబడి "దూకు దూకు" అని అరవడం, అరిచేది మూడు భాషల్లో. ఇన్వెంటరీ, లెవెల్, హెల్త్, మిషన్, షీల్డ్, ఇలాంటి ఇంగ్లీషు మాటలు డిక్షనరీ లేకుండా నేర్చుకున్నారు, ఒకళ్ల భాష ఒకళ్లు నేర్చుకున్నారు. పర్లాకిమిడిలో మాస్టారుగా పని చేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించారని, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడారని ప్రతి ఆగస్టు 29న మన హాల్లోనే మైకు పెట్టి చెప్తాం. పిల్లలకి దగ్గరైన దారిలో చదువు చెప్పడం అంటే ఏటో మన ప్రాంతానికి కొత్తగా చెప్పాలా?

4. ఆడపిల్లలు. తాళం పడ్డాక మగపిల్లలు గేమ్స్ మానేశారని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు. టీ కొట్టు వెనక గోడ మీద కూర్చుని అన్నల ఫోన్లలో ఆడుతున్నారు. ఆడపిల్లలకి ఆ గోడ లేదు, వాళ్లకి ఫోన్ ఎవరూ ఇవ్వరు, చీకటి పడ్డాక బయటికి పంపరు. 9 మంది అమ్మాయిలు రోజూ గదికి వచ్చేవాళ్లు, ఎందుకంటే హాల్ అంటే ఇంట్లోవాళ్లకి నమ్మకం, నేనున్నానని ఇంకాస్త నమ్మకం. ఇప్పుడు ఆ 9 మంది కంప్యూటర్ ముట్టుకుని నెలలైంది. పోయినేడాది +2 అడ్మిషన్ ఫారం ఆన్‌లైన్లో పెట్టేటప్పుడు వాళ్లలో ఒకమ్మాయి తనది తనే నింపుకుని, సెంటర్లో ఎవరికీ డబ్బులివ్వకుండా, పక్కింటి ఇద్దరివి కూడా నింపింది. ఆ పిల్లకి మౌస్ పట్టుకోవడం వచ్చింది గేమ్‌తోనే, వేళ్లు తిరిగింది పైనుంచి పడే మాటల్ని టైప్ చేసే గేమ్‌తోనే. ఈ ఒక్క పాయింట్ మీరు ఇంకోసారి చదవండి అని చేతులు జోడించి అడుగుతున్నాను.

5. ఇదంతా ఏదో ట్యూషన్ అమ్మాయి మాట అనుకోకండి. 2003లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లది, గేమ్స్ అలవాటు లేనివాళ్లతో రోజుకి గంట చొప్పున 10 రోజులు యాక్షన్ గేమ్ ఆడిస్తే చూపు నిలిపే శక్తి, ఒకేసారి నాలుగైదు వాటిని గమనించే శక్తి మెరుగైంది. 2007లో న్యూయార్క్‌లో 33 మంది డాక్టర్లని చూశారు, చిన్న రంధ్రం పెట్టి కెమెరాలో చూస్తూ చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్ ఉంటుంది కదా, దాని ప్రాక్టీసులో, అంతకుముందు వారానికి 3 గంటల కంటే ఎక్కువ గేమ్స్ ఆడిన డాక్టర్లు 37 శాతం తక్కువ తప్పులు చేశారు, 27 శాతం తొందరగా ముగించారు. గేమ్ ఆడినందుకే అలా అయిందని ఖచ్చితంగా అనలేం, చెయ్యి చురుగ్గా ఉన్నవాళ్లే గేమ్స్ ఎక్కువ ఆడి ఉండొచ్చు, అది కూడా నిజాయితీగా చెప్పాలి. అయినా తెర మీద చూస్తూ చెయ్యి కదిలించే పని రెండింట్లోనూ ఉంది, మన ఇళ్లలో ఎంతమందికి గాల్‌బ్లాడర్ రాళ్లు ఆ పద్ధతిలోనే తీశారో గుర్తు తెచ్చుకోండి.

ఇంకోటి ఉంది, అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2008లో ఫోల్డిట్ అని ఒక గేమ్ పెట్టారు, ప్రోటీన్ల ఆకారాన్ని పజిల్ లాగ మడతపెట్టే గేమ్. కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బుకి సంబంధించిన వైరస్ ప్రోటీన్ ఒకటి ఉంది, దాని ఆకారం పదేళ్లకి పైగా సైంటిస్టులకి చిక్కలేదు. ఆ గేమ్ ఆడేవాళ్లకి ఇస్తే 3 వారాల్లో దారి దొరికింది, 2011లో నేచర్ స్ట్రక్చరల్ అండ్ మాలిక్యులర్ బయాలజీ అనే పత్రికలో అచ్చయింది. ఆడినవాళ్లలో చాలామంది బయాలజీ చదవనివాళ్లే.

ఇది కుర్రాళ్ల సంగతే అనుకోకండి మావయ్యా. 2013లో కాలిఫోర్నియాలో 60 నుంచి 85 ఏళ్ల పెద్దవాళ్లకి కారు నడిపే గేమ్ ఒకటి ప్రత్యేకంగా తయారుచేసి నెలలో 12 గంటలు ఆడించారు, రెండు పనులు ఒకేసారి చూసుకోవడంలో ఆ గేమ్ ఆడని 20 ఏళ్ల కుర్రాళ్ల కంటే బాగా చేశారు, ఆ మార్పు 6 నెలల తర్వాత కూడా నిలిచింది. గది తెరిస్తే పెద్దలకి కూడా ఒక గంట పెడదామని నా కోరిక, అది తర్వాత మాట్లాడుకుందాం.

6. ఊరొదిలి వెళ్లినవాళ్లు. మన వీధుల్లో ఎన్ని ఇళ్లలో నాన్న ఉన్నాడు? ఒకరు సూరత్ మరమగ్గాల్లో, ఒకరు హైదరాబాద్ బిల్డింగ్ పనిలో, ఒకరు కేరళలో. మా అన్నయ్య సూరత్‌లో ఉంటాడు, వాడి కూతురు మా ఇంట్లో పెరుగుతోంది. ఫోన్ చేస్తే "తిన్నావా", "తిన్నాను", "చదువుకుంటున్నావా", "చదువుకుంటున్నాను", అంతే, రెండు నిమిషాల్లో మాటలైపోయేవి. ఇప్పుడు ఆదివారం సాయంత్రం ఇద్దరూ లూడో కింగ్ ఆడతారు. నాన్న కాయిని చంపేసి ఎగిరి గంతేస్తుంది, ఆ సందట్లో స్కూల్లో ఎవరు కొట్టారో, చెప్పులు ఎప్పుడు తెగాయో, అన్నీ దానంతటదే చెప్పేస్తుంది. ముంబై దగ్గర తయారైన గేమ్ అది, 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా ఆడిందే. గదిలో ఇలా నాన్నలతో ఆడే పిల్లలు నలుగురుండేవాళ్లు.

7. ఉద్యోగాలు. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడల శాఖ కిందకి తెచ్చింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన ఆటగా పెట్టినప్పుడు మన దేశం నుంచి తీర్థ్ మెహతాకి కాంస్యం వచ్చింది, 2023లో హాంగ్‌జౌలో ఏకంగా పతకాల ఆటే అయింది. అందరూ ఆటగాళ్లే అవ్వరు, నాకు తెలుసు. గేమ్ తయారీలో బొమ్మలు గీసేవాళ్లు, కథ రాసేవాళ్లు, సంగీతం చేసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు, తప్పులు పట్టేవాళ్లు కావాలి, హైదరాబాద్‌లో అలాంటి కంపెనీలు బోలెడున్నాయి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు చెక్కే ఇళ్ల పిల్లలకి చేతిలో పనితనం ఉంది, ఆ చేతికి మౌస్ ఇచ్చి చూద్దాం.

8. మీ భయాలు. కళ్లు పోతాయి, చదువు పాడవుతుంది, పిచ్చి పడుతుంది అంటారు. అవి ఉత్త భయాలు అని నేననను. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల జాబితాలో పెట్టింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ వాళ్లు చెప్పింది ఎవరి గురించో చూడండి, ఎంత ఆడాలో ఎప్పుడు ఆపాలో చేతిలో లేకుండా పోయి, మిగతా పనులన్నీ పక్కన పడేసి, నష్టమొస్తున్నా ఆపలేక, మామూలుగా ఏడాది పాటు అలాగే ఉండేవాళ్ల గురించి. నా ట్యూషన్లోనే ఒక అబ్బాయి రాత్రి 2 దాకా దుప్పటి కింద ఫోన్లో ఆడేవాడు. వాడిని గదికి తీసుకొచ్చి పెద్ద తెర మీద, అందరి మధ్యలో, గంట కొట్టగానే లేవాలనే రూలు మీద కూర్చోబెడితే నెలా రెండు నెలల్లో దారికొచ్చాడు. గది మూశాక మళ్లీ దుప్పటి కిందకే వెళ్లిపోయాడు. కళ్ల సంగతికొస్తే, చీకట్లో అరచేతిలో ఫోన్ కంటే వెలుతురున్న గదిలో దూరంగా ఉన్న మానిటర్ నయం కాదా?

తాళం పడ్డాక మామూలు ఇళ్లలో ఏమైందో చెప్పి ముగిస్తాను. డబ్బున్న మూడు నాలుగు ఇళ్ల పిల్లలకి ఏ తేడా రాలేదు, ఇంట్లో కంప్యూటర్ ఉంది. కూలికెళ్లే ఇళ్లలో సాయంత్రం 5 నుంచి 7 దాకా పిల్లలెక్కడున్నారో అమ్మలకి తెలియట్లేదు. ఫోన్ రీఛార్జ్ కోసం రోజూ గొడవ. ఫోన్‌లో గేమ్ మధ్యలో వచ్చే ప్రకటనలు ఎక్కడెక్కడికో లాక్కెళ్తున్నాయి, పక్కన చూసే పెద్దమనిషి లేడు, ఇంతకుముందు నేను ఉండేదాన్ని. ఏ ప్రమాదం గురించి గది మూశారో, పిల్లలు దాని పక్కకే వెళ్లి కూర్చున్నారు. కాలు సరిగ్గా లేని పిల్లాడు ఒకడు మనందరికీ తెలుసు, క్రికెట్‌లో వాడిని ఎప్పుడూ స్కోరు రాయడానికే కూర్చోబెడతారు, గదిలో ఫుట్‌బాల్ గేమ్‌లో వాడే కెప్టెన్. వాడు మొన్న నన్ను ఆపి "అక్కా ఎప్పుడు తీస్తారు" అని అడిగాడు, నా దగ్గర జవాబు లేదు.

మేం అడిగేవి ఇవి:

ఒకటి, తలుపు మీది కాగితం మార్చండి, "డబ్బు పెట్టి ఆడే ఏ ఆటా ఇక్కడ ఆడరాదు" అని తెలుగులో, ఒడియాలో పెద్ద అక్షరాలతో రాయించండి, రంగు ఖర్చు నేను పెట్టుకుంటాను.

రెండు, సాయంత్రం 5 నుంచి 7 దాకా గది తెరవండి, ఒక్కో పిల్లకి, పిల్లాడికి గేమ్ టైము ముప్పావుగంటకి మించకుండా, గంట కొట్టి లేపే బాధ్యత నాది, నాతోపాటు వంతులేసుకుని కూర్చోడానికి ఇద్దరు రిటైర్డ్ మాస్టార్లు ఒప్పుకున్నారు.

మూడు, వారంలో 2 రోజులు, ఆదివారం ఒక పూట అమ్మాయిలకే ఇవ్వండి. దీనిలో మాత్రం తగ్గమని అడగొద్దు.

నాలుగు, ఏ గేమ్స్ ఉండాలో అమ్మానాన్నల ముందు ఆడి చూపించి లిస్టు గోడకి అంటిద్దాం. టక్స్ మ్యాథ్, టక్స్ టైపింగ్, చిన్నపిల్లలకి వందకి పైగా ఆటలున్న జీకాంప్రిస్, చదరంగం, ఇవన్నీ ఫ్రీ. పెద్దపిల్లలకి స్క్రాచ్, అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో పెట్టింది, దాంతో పిల్లలే సొంతంగా గేమ్ తయారు చేస్తారు. కమిటీకి ఏది నచ్చకపోతే అది తీసేద్దాం, ఎందుకు నచ్చలేదో మాత్రం పిల్లలకి చెప్పండి.

ఐదు, 15 రోజుల్లో అమ్మానాన్నలతో ఒక మీటింగ్ పెట్టండి, ఒప్పుకున్నా కాదన్నా జవాబు కాగితం మీద ఇవ్వండి. రమ్మీలో పోగొట్టుకున్న అబ్బాయిని కూడా ఆ మీటింగ్‌కి పిలవండి, వస్తానన్నాడు, చిన్నపిల్లలకి ఆ యాప్‌ల గురించి తనే చెప్తానన్నాడు.

ఈ లేఖ కింద 23 మంది తల్లులు సంతకాలు పెట్టారు, నలుగురు వేలిముద్ర వేశారు, ఆ కాగితం నా దగ్గరుంది. వచ్చే ఆదివారం సాయంత్రం 5కి రిజిస్టర్ పట్టుకుని పిల్లలతో హాల్ గుమ్మం దగ్గర ఉంటాను. తాళంచెవి వాచ్‌మన్ తాత దగ్గరే ఉంది, మీరు ఒక్క మాట ఫోన్ చేసి చెప్తే ఆయన తీస్తానన్నారు.

ఇట్లు,
మీ ట్యూషన్ అమ్మాయి,
గజపతి జిల్లా, ఒడిశా